చేతికింద నేర్చుకున్న ఊరు

1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ విశాఖపట్నం వచ్చి ‘జల ఉష’ను నీళ్ళలోకి దింపారు. ఎనిమిది వేల టన్నుల ఓడ అది. స్వాతంత్ర్యం వచ్చాక మన దేశంలో నీళ్ళు తాకిన మొదటి పెద్ద ఓడ. దాని వెనక పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ పట్టుదల, 1941 జూన్ 21న షిప్‌యార్డుకు రాజేంద్రప్రసాద్ చేసిన శంకుస్థాపన, మరుసటి ఏప్రిల్‌లో ఊరి మీద జపాన్ బాంబులు పడి పని చెదిరిపోవడం, ఇవన్నీ చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. ఆ ఓడకు ఉక్కు రేకులు వంచి, కలిపి, నిలబెట్టిన పనివాళ్ళకు ఆ పని నేర్పిందెవరో మాత్రం ఆ పుస్తకాల్లో వెతుక్కోవాలి.

ప్రశ్న చిన్నదే గానీ ఈ ఊరికి అది మళ్ళీ మళ్ళీ ఎదురైంది. ఉక్కు ఓడలు కట్టే కులవృత్తి మన తీరంలో ఎవరికీ లేదు. కాకినాడ పక్కన కోరంగిలో కొయ్య ఓడలు కట్టిన చేయి తిరిగిన వడ్రంగులుండేవారు. కానీ కొయ్యకు పనికొచ్చిన కొలతలు ఉక్కుకు పనికిరావు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి పని దిగివచ్చే దారి ఇక్కడ తెగిపోయింది. చేనేత మగ్గం దగ్గర, కమ్మరి కొలిమి దగ్గర గురువు ఇంట్లోనే ఉంటాడు. షిప్‌యార్డులో గురువు ఎక్కడినుంచో రావాలి, లేదా శిష్యుడే ఎక్కడికో వెళ్ళి నేర్చుకురావాలి. ఆ యార్డు 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయ్యాక పారిస్‌కు చెందిన ఒక నౌకానిర్మాణ సంస్థతో సాంకేతిక ఒప్పందం చేసుకున్నది అందుకే. ఫ్రెంచి నిపుణుల మాట మనవాళ్ళకు, మనవాళ్ళ మాట వాళ్ళకు ఎంతవరకు అందిందో గానీ, పని మాత్రం చేతినుంచి చేతికి వచ్చింది.

ఇంతకంటే ముందే ఊళ్ళో నేర్పే పద్ధతి ఒకటి ఉంది. మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసేచోట బురద తవ్వి రేవు కట్టారు. 1933 అక్టోబరు 7న ‘జల దుర్గ’ అనే ఓడ అందులోకి మొదటగా వచ్చింది. డాల్ఫిన్స్ నోస్ కొండను ఒరుసుకుంటూ పోయే సన్నటి కాలువ గుండానే లోపలి హార్బర్‌కు చేరాలి. పెద్ద ఓడ ఏదీ పైలట్ లేకుండా రేవులోకి రాకూడదని 1908 నాటి ఇండియన్ పోర్ట్స్ చట్టం చెప్పింది. ఈ పైలట్ విమానం నడిపేవాడు కాదు, ఓడ ఎక్కి కెప్టెన్‌కు దారి చెప్పి రేవులోకి తెచ్చేవాడు. సముద్రం మీద ఏళ్ళ తరబడి ఓడలు నడిపినవాళ్ళే ఈ ఉద్యోగానికి వస్తారు. అయినా వచ్చిన రోజునే ఓడ అప్పగించరు. ముందు సీనియర్ పైలట్ పక్కన నిలబడి చూడాలి. తర్వాత ఆయన పక్కనుండగా తాను ఆదేశాలివ్వాలి. పరీక్ష నెగ్గాక మొదట చిన్న ఓడలు, ఆ మీదట పెద్దవి. గాలి ఏ నెలలో ఎటునుంచి తోస్తుందో, ఏ మలుపు దగ్గర ఇంజను ఎంత తగ్గించాలో పుస్తకంలో రాసి ఉన్నా, అది ఒంటికి పట్టేది మాత్రం ఆ పక్కన నిలబడటంలోనే. ఇప్పుడు కంపెనీలు మెంటరింగ్ అని పేరు పెట్టి ఖరీదైన హోటళ్ళలో నేర్పిస్తున్న విషయంలో ముప్పాతిక భాగం ఈ పక్కన నిలబడటమే అని నా అభిప్రాయం. మిగతా పాతిక భాగం ఏమిటన్నదే అసలు కథ.

నేర్పడాన్ని ఒక పద్ధతిగా కాగితం మీద పెట్టిన మొదటివాళ్ళలో ఒకరికి కూడా ఓడలతోనే సంబంధం ఉండటం విశేషం. మొదటి ప్రపంచ యుద్ధంలోకి 1917లో అమెరికా దిగినప్పుడు ఆ దేశానికి ఉన్నట్టుండి ఓడలు కావాల్సి వచ్చాయి. షిప్‌యార్డుల్లో పని తెలిసినవాళ్ళు కొద్దిమంది, తెలియనివాళ్ళు వేలమంది. చార్లెస్ అలెన్ అనే ఉపాధ్యాయుడికి ఆ శిక్షణ బాధ్యత అప్పగించారు. పని తెలిసినవాడికి నేర్పడం కూడా తెలిసి ఉంటుందనుకోవడం పొరపాటని ఆయన గ్రహించాడు. నేర్పేవాడికి నాలుగు మెట్లు చెప్పాడు: నేర్చుకునేవాడిని సిద్ధం చెయ్యి, చేసి చూపించు, వాడిచేత చేయించు, ఆ తర్వాత పని వచ్చిందో లేదో పరీక్షించు. 1919లో దీన్ని పుస్తకంగా వేశాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి అమెరికా ప్రభుత్వం ఆ నాలుగు మెట్లనే కొద్దిగా మార్చి జేబులో పట్టే కార్డు మీద అచ్చువేసి, పది గంటల కోర్సుగా మలిచి ఫోర్‌మన్లకు నేర్పింది. 1945లో ఆ కార్యక్రమం ముగిసేనాటికి దాని కోర్సులు పూర్తిచేసినవాళ్ళు 17 లక్షలకు పైనే. యుద్ధం తర్వాత అది జపాన్‌కు వెళ్ళి అక్కడి కార్ల ఫ్యాక్టరీల్లో స్థిరపడింది. శిష్యుడికి పని రాలేదంటే తప్పు గురువుదేనన్నది ఆ కార్డు సారాంశం. మన వీధిబడి పంతుళ్ళు వింటే నవ్వి ఉండేవాళ్ళేమో.

మన దగ్గర చట్టం మరో దారిలో వచ్చింది. 1850లోనే కంపెనీ ప్రభుత్వం ఒక అప్రెంటిస్ చట్టం చేసింది. అనాథలకు, ధర్మసంస్థల్లో పెరిగిన పేద పిల్లలకు ఏదో ఒక వృత్తి నేర్పించడం దాని ఉద్దేశం. పరిశ్రమలను దృష్టిలో పెట్టుకున్న చట్టం రావడానికి 1961 దాకా ఆగాలి. అందులో అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణ పొందుతున్నవాడు. అతనికి జీతం ఉండదు, స్టయిపెండు ఉంటుంది. నేర్పడానికి అర్హతలున్న మనిషిని పెట్టమని యజమానికి చట్టం చెప్పింది. ఆ మనిషి మనసు పెట్టి నేర్పాలని ఏ చట్టమూ చెప్పలేదు కదా. షిప్‌యార్డులో, పోర్టులో, నేవల్ డాక్‌యార్డులో ఐటీఐ చదివిన కుర్రాళ్ళు బిళ్ళ పెట్టుకుని గేటు దాటి లోపలికి వెళ్ళాక మంచి ఫోర్‌మన్ చేతికింద పడ్డవాడు బతికిపోయేవాడు. మిగతావాళ్ళు టీలు మోసి, పనిముట్లు అందించి సర్టిఫికెట్ తెచ్చుకునేవాళ్ళు. అదృష్టం మీద నడిచే ఏర్పాటు అది.

ఆ రోజుల్లోనే విశాఖకు కొద్దిదూరంలో ఇంకో రకం ప్రయోగం జరిగింది. హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1964లో కాకినాడను ఎంచుకున్నాడు. ఏదైనా సాధించాలన్న తపన మనిషికి పుట్టుకతోనే రావాలా, నేర్పితే వస్తుందా అన్నది ఆయన ప్రశ్న. కాకినాడ వ్యాపారులు సుమారు యాభైమందిని జట్లు జట్లుగా హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు, అందరూ ‘సీట్’ అనే సంస్థకు, పిలిపించి రెండు వారాల లోపు శిక్షణ ఇచ్చారు. పోల్చి చూడటానికి రాజమండ్రిని అలాగే వదిలేశారు. ఆ శిక్షణలో వ్యాపార సూత్రాల పాఠాలు తక్కువ. ఎవరి లక్ష్యం వాళ్ళే రాసుకోవాలి. అది అందుకోగలిగినంత దూరంలో ఉండాలి, మరీ సులువుగానూ ఉండకూడదు. తోటివాళ్ళ ముందు దాన్ని చెప్పుకోవాలి, ఊరికి తిరిగెళ్ళాక ఎంతవరకు వచ్చిందో చూసుకోవాలి. తర్వాతి రెండేళ్ళలో శిక్షణ పొందినవాళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువగా కొత్త వ్యాపారాలు మొదలుపెట్టారని, పెట్టుబడులు పెంచారని మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో వేసిన పుస్తకంలో చెప్పారు. ఆ లెక్కల మీద పండితులు తర్వాత వాదించుకున్నారు. వాదన ఎటు తేలినా ఒక సంగతి నిలబడింది. నేర్పేవాడు సమాధానం చెప్పకుండా ప్రశ్న అడిగి, అవతలివాడి నోటే సమాధానం రప్పించే పద్ధతి మన కోస్తా వ్యాపారుల మీద ముందే పరీక్షకు వచ్చింది. దానికి కోచింగ్ అన్న పేరు పెట్టి జాన్ విట్‌మోర్ ఇంగ్లండులో పుస్తకం రాసింది 1992లో.

ఉక్కు సంగతికి వస్తాను. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో జనం వీధుల్లోకి రావడం, 32 మంది ప్రాణాలు పోవడం, 1970లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించడం, 1971 జనవరి 20న శంకుస్థాపన, ఇవి ఈ ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. 1982లో కర్మాగారాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడేదాకా, 1990 మార్చిలో ‘గోదావరి’ అనే మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగేదాకా జనం ఓపిక పట్టిన సంగతీ తెలుసు. తక్కువగా చెప్పుకునేది నేర్చుకోవడం గురించి. 3,200 ఘనపు మీటర్ల ఫర్నేసులు, అప్పటికి దేశంలో అంత పెద్దవి లేవు. ఏడు మీటర్ల ఎత్తు కోక్ ఓవెన్లు, అవి కూడా దేశంలో మొదటివే. వాటి మీద పనిచేయాల్సినవాళ్ళలో చాలామంది అంతకుముందు ఫర్నేసు మొహం చూడనివాళ్ళు. కర్మాగారం కోసం ఖాళీ చేసిన 64 ఊళ్ళ పిల్లలున్నారు. తండ్రి వల వేసినవాడు, తాత చెరకు నరికినవాడు, వాడిప్పుడు కోక్ ఓవెన్ తలుపు దగ్గర నిలబడాలి.

గురువులు మూడు వైపులనుంచి వచ్చారు. భిలాయ్, బొకారో, రూర్కెలా ఉక్కు కర్మాగారాల్లో చేసి వచ్చిన పాత కాపులు ఒకవైపు. డిగ్రీ పట్టా చేతబట్టుకుని వచ్చిన ఇంజనీర్లు ఒకవైపు. కర్మాగారం టౌన్‌షిప్ ఉక్కునగరంలో కాపురాలుండి పని చూపించిన సోవియట్ నిపుణులు మూడోవైపు. ఆ నిపుణుల దేశం 1991 డిసెంబరులో మాయమైపోయింది. పి.వి. నరసింహారావు 1992 ఆగస్టు 1న కర్మాగారాన్ని జాతికి అంకితం చేసేనాటికి వాళ్ళు నేర్పింది ఉంది గానీ వాళ్ళు వచ్చిన దేశం లేదు.

ఫర్నేసు దగ్గర ఏం నేర్పుతారో కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ వ్యవహారం అర్థం కాదు. ట్యాప్ హోల్ డ్రిల్లు చేసి తెరిచాక కరిగిన ఇనుము దాదాపు 1,500 డిగ్రీల వేడితో కాస్ట్ హౌస్ కాలువలోకి దూకుతుంది. దాని మీద నిప్పురవ్వలు లేస్తాయి. అనుభవం ఉన్న ఆపరేటర్ ఆ రవ్వలు చూసి ఇనుములో సిలికాన్ ఎంతుందో అంచనా కట్టేస్తాడు. రవ్వలు సన్నగా, దట్టంగా ఎగిరితే సిలికాన్ తక్కువ, పలచబడితే ఎక్కువ. లేబరేటరీనుంచి అంకె తర్వాత వస్తుంది. ఫర్నేసులోకి వేడిగాలి ఊదే గొట్టం, ట్యూయర్, దగ్గర చిన్న గాజు కన్నంలోంచి చూసి లోపల బొగ్గు ఎలా మండుతోందో చెప్పగలడు. కోక్ ఓవెన్ మీద గొట్టంలో మంట రంగు చూసి లోపలి బొగ్గు కాలిందో, ఇంకా ఆగాలో చెప్పగలడు. ఇదంతా మాన్యువల్‌లో రాయొచ్చు, రాశారు కూడా. కానీ ‘దట్టంగా’ అంటే ఎంత దట్టంగా అనేది, సీ షిఫ్టులో తెల్లవారుజామున మూడింటికి పక్కన నిలబడి వేలు పెట్టి చూపించేవాడుంటేనే తెలుస్తుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ఆసక్తిగా తోచేది అదే. ఇరవై మూడేళ్ళ మేనేజ్‌మెంట్ ట్రైనీకి రవ్వలు చూడటం నేర్పేది యాభై ఏళ్ళ ఆపరేటర్. కుర్రవాడు ఆయన్ను ‘గురువుగారూ’ అంటాడు. కొద్ది నెలలకు ఆ కుర్రవాడే షిఫ్ట్ ఇన్‌చార్జ్. గురువుగారి సెలవు చీటీ మీద సంతకం అతనిది, ఏడాది చివర ఆయనకు మార్కులు వేసేదీ అతనే. పెద్దాయన అతన్ని ‘సార్’ అనాలి. కొన్నిచోట్ల ఇద్దరూ దీన్ని హుందాగా దాటేస్తారు: కుర్రవాడు గురువుగారూ అనడం మానడు, పెద్దాయన నలుగురిలో సార్ అని, పక్కకు వెళ్ళాక బాబూ అంటాడు. అన్నిచోట్లా అలా జరగదు. పని నేర్పితే నా కుర్చీకే ఎసరు అనుకుని పని దాచుకునే మనిషి ప్రతి షాపులో ఒకడుంటాడు. అతన్ని స్వార్థపరుడని తిట్టడం తేలిక. నేర్పినందుకు అతనికి సంస్థ ఏమిచ్చిందని కూడా అడగాలి.

అందుకే నేర్పేవాడూ తీర్పు చెప్పేవాడూ ఒకడే కాకూడదన్న ఆలోచన పుట్టింది. నా దృష్టిలో ఈ రంగంలో నిజంగా కొత్తగా కనిపెట్టింది అదొక్కటే, మిగతావన్నీ పాత పనికి కొత్త పేర్లు. దీని ఆనవాళ్ళు అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ హాథార్న్ కర్మాగారంలో ఉన్నాయి. 1936లో అక్కడ కార్మికుల మధ్య తిరుగుతూ వాళ్ళ బాధలు వినడానికి కొందరిని నియమించారు. వాళ్ళకు ఎవరి మీదా అధికారం లేదు, విన్నది పైవాళ్ళకు పేరుతో చెప్పకూడదు. ఒక దశలో అలాంటివాళ్ళు యాభైమందికి పైగా ఉన్నారు. ఇరవై ఏళ్ళు నడిచి 1956లో ఆగిపోయింది. వినడం బాగానే ఉంది గానీ విన్నదానివల్ల మారేదేమిటని యాజమాన్యం అడిగితే జవాబు చెప్పడం కష్టమైంది.

మన దేశంలో ఆ జవాబుకు ఒక రూపం ఇచ్చినవారిలో తెలుగువారొకరున్నారు. టి.వి.రావు 1973లో ఐఐఎం అహ్మదాబాదులో చేరకముందు కొంతకాలం మన ఆంధ్రా విశ్వవిద్యాలయంలో కూడా పాఠాలు చెప్పిన మనస్తత్వశాస్త్ర పండితుడు. 1974లో లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీ తమ ఉద్యోగులకు మార్కులు వేసే పద్ధతి సరిచేయమని ఆయన్నూ, ఆయన సహచరుడు ఉదయ్ పరీక్‌నూ అడిగింది. వాళ్ళు మార్కుల ఫారం ఒక్కటే సరిచేసి ఊరుకోలేదు. పని ఎలా చేశాడన్నది ఒకటి, రేపు ఏం చేయగలడన్నది వేరొకటి, అతనితో కూర్చుని మాట్లాడి ముందుకు నడిపించడం ఇంకొకటి అని విడదీశారు. కింద పనిచేసేవాళ్ళను ఎదగనివ్వడం ప్రతి అధికారి పనిలో భాగమన్నారు. మరుసటి ఏడాది ఆ కంపెనీలో మానవ వనరుల అభివృద్ధికి ప్రత్యేక విభాగమే ఏర్పడింది. తర్వాత ఆ నమూనా బ్యాంకులకు, ప్రభుత్వ రంగ సంస్థలకు పాకింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే హైదరాబాదు పక్కన రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో ఎస్.ఆర్. ఉడ్పా క్వాలిటీ సర్కిళ్ళు మొదలుపెట్టారు. అందులో కార్మికులే గుండ్రంగా కూర్చుని తమ సమస్య తామే విప్పుకుంటారు. విశాఖ ఉక్కులో కూడా ఆ సర్కిళ్ళు బాగా వేళ్ళూనుకున్నాయి.

1985లో అమెరికాలో పరిశోధకురాలు కేథీ క్రామ్ ఉద్యోగంలో గురుశిష్య సంబంధాల మీద పుస్తకం రాసి, అవి రెండు పనులు చేస్తాయని చెప్పింది. ఒకటి, ఉద్యోగంలో దారి చూపడం. రెండోది, మనిషిగా నిలబడటానికి భుజం ఇవ్వడం. అప్పటినుంచి పెద్ద కంపెనీల్లో మెంటర్ అంటే సొంత పై అధికారి కాకుండా వేరే విభాగంలోని పెద్ద మనిషి అన్న సంప్రదాయం బలపడింది. కొత్తగా చేరిన ట్రైనీ తన బాసు గురించి కూడా ఆయనతో చెప్పుకోగలగాలి. ఇందాక పాతిక భాగం అన్నానే, అది ఇదే.

కాగితం మీదికి ఎక్కాక పోయిందీ ఉంది. వేరే విభాగం పెద్ద మనిషికి రవ్వలు తెలియవు. తెలిసిన ఆపరేటర్‌కు మెంటర్ బిరుదు లేదు, ఎందుకంటే ఆయన అధికారి కాడు. మూడు నెలలకోసారి కలిశామని ఇద్దరూ ఫారం మీద సంతకాలు పెట్టి పంపే తంతు చాలా సంస్థల్లో చూస్తాం. ఆ తంతు వద్దని నేను అనను. అది లేనిచోట అమ్మాయిలు, మొదటి తరం చదువుకున్నవాళ్ళు, వేరే రాష్ట్రంనుంచి వచ్చినవాళ్ళు ఒంటరివాళ్ళైపోతారు. టీ కొట్టు దగ్గర తమ వాళ్ళను తాము దగ్గరకు తీసే పాత పద్ధతిలో వాళ్ళకు చోటుండేది కాదు. కానీ పక్కన నిలబడటానికి సంతకం బదులు కాదు.

ఈ ఊళ్ళో మనుషులకే కాదు, సంస్థలకు కూడా గురువులను పెట్టారు. 2015లో ఐఐఎం విశాఖపట్నం మొదలైనప్పుడు దాన్ని నడిపించే బాధ్యత ఐఐఎం బెంగళూరుకు అప్పగించారు. ఆంధ్రా విశ్వవిద్యాలయం ఆవరణలో అద్దె గూటిలో పుట్టిన ఆ సంస్థ ఇప్పుడు గంభీరంలో సొంత ప్రాంగణంలో ఉంది. ఒక సంస్థకు ఇంకో సంస్థ చేయి పట్టడం సాధ్యమైనప్పుడు ఒక కార్మికుడి చేయి ఇంకో కార్మికుడి చేత పట్టించడం ఏమంత కష్టం?

ఈ ప్రశ్న ఇప్పుడు తొందరపెడుతోంది. 1990 ప్రాంతాల్లో ఫర్నేసు దగ్గర నిలబడినవాళ్ళు రిటైరవుతున్నారు, చాలామంది అయిపోయారు. ఉక్కు కర్మాగారం అమ్మేస్తామని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించిన దగ్గర్నుంచి కొత్తవాళ్ళు రావడం తగ్గింది, ఉన్నవాళ్ళలో కొందరు స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ఆ డబ్బుతో అప్పు తీరొచ్చు, ముడి సరుకు రావొచ్చు. రవ్వలు చదివే కన్ను మాత్రం కొనుక్కొస్తే వచ్చేది కాదు.

ముప్పైమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థ అప్రెంటిస్‌లను పెట్టుకోవాలని చట్టం ఇప్పటికే చెబుతోంది, మొత్తం సిబ్బందిలో రెండున్నర శాతంనుంచి పదిహేను శాతం దాకా. ఆ అంకె పూర్తిచేయడంతో యాజమాన్యాలు ఆగిపోకూడదు. రిటైర్ కావడానికి ఏడాది ముందే ప్రతి సీనియర్ ఆపరేటర్‌కు, ఫోర్‌మన్‌కు, పైలట్‌కు, క్రేన్ డ్రైవర్‌కు ఒక కుర్రవాడినో అమ్మాయినో అప్పగించండి. ఆయన మీద ఉత్పత్తి లెక్కల భారం కాస్త తగ్గించండి. నేర్పినందుకు అలవెన్సు ఇవ్వండి, సర్వీసు రికార్డులో ఆయన నేర్పినవాళ్ళ పేర్లు రాయండి. మెంటర్ అనే హోదా అధికారులకే పరిమితం చేయకండి. విశాఖలో పోర్టు, షిప్‌యార్డు, డాక్‌యార్డు, ఉక్కు, రిఫైనరీ యాజమాన్యాలు తలచుకుంటే ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఒక్క సర్క్యులర్ చాలు.